వెనక కడ్డీ, మూడో బెజ్జం

“సంతకం పెట్టమ్మాయ్,” అన్నాడు మామగారు పాపారాజు మూడోసారి.

కీర్తిప్రియ పెన్ను అందుకోలేదు.

వరండాలోకి జల్లు కొడుతోంది. హెడ్ కానిస్టేబులు కుర్చీని గోడవైపు జరుపుకుని, ఫైలు తడవకుండా ఒళ్లో పెట్టుకున్నాడు. ఇచ్చిన మజ్జిగ స్టూలు మీద అలాగే ఉంది.

గేటు బయట ఆమె తమ్ముడు అచ్చిబాబు వానలో నిలబడి ఉన్నాడు. తణుకు నుంచి పొద్దున తొమ్మిదింటికే వచ్చాడు. పాపారాజు గేటుకి తాళం వేయించాడు. ఇప్పుడు పన్నెండు కావస్తోంది.

“మావయ్యగారూ, వాణ్ణి కనీసం వరండాలోకి రానివ్వండి. తడిసి ముద్దైపోయాడు.”

“తడవనీ. పోస్ట్‌మాస్టరుగారి కాలు మోకాలి కింద తీసేశారు. ఆయన లేచి వానలో నిలబడదామన్నా నిలబడలేడు.”



ఐదు రోజుల క్రితం కాలవగట్టు మలుపులో ఎర్ర కారు వెనక భాగం ఒక్కసారిగా రోడ్డుకి అడ్డం తిరిగి, ఎదురుగా వస్తున్న పోస్ట్‌మాస్టరుగారి స్కూటరుని కొట్టింది. నడిపింది ఈ ఇంటి ఒక్కగానొక్క కొడుకు, కీర్తిప్రియ భర్త రామకృష్ణ. పక్క సీట్లో ఉన్న అతని తల్లి సుభద్రమ్మకి భుజం ఎముక విరిగింది. అతనికి సీటు బెల్టు ఒరుసుకున్న గీత తప్ప ఏమీ కాలేదు.

కారు మాత్రం కీర్తిప్రియ పేరు మీద ఉంది. పెళ్లిరోజు కానుక. అందుకే వాంగ్మూలం ఆమె ఇవ్వాలి.

కాగితం మీద అంతా సిద్ధంగా ఉంది. కారు అచ్చిబాబు మెకానిక్ షెడ్డు నుంచి వచ్చాక ఎవరూ ముట్టుకోలేదనీ, ప్రమాదానికి అతని పనిలో లోపమే కారణమనీ. ఆమె సంతకం పెడితే కేసు తమ్ముడి మీదికి పోతుంది. పెట్టకపోతే భర్త మీదికి.

“తొందరేం లేదమ్మా,” అన్నాడు హెడ్ కానిస్టేబులు. “రెండింటికల్లా టేబులు మీద ఉండాలన్నారు ఎస్సైగారు. అంతే.”

“రాజుల కుర్రాడివి, బీటెక్ చదివావు, స్పానరు పట్టుకుని కార్ల కింద దూరడమేంట్రా అని ఆరోజే అన్నాను,” పాపారాజు గేటు వైపు తిరిగి గొంతు పెంచాడు. “ఎవడు విన్నాడు? అందరికీ ముచ్చటే!”

“మావయ్యగారూ, నా పని మీద అనుమానముంటే నన్నడగండి. అక్కని కాదు,” గేటు ఊచలు పట్టుకుని అన్నాడు అచ్చిబాబు.

“అడిగితే ఏం ఊడబొడుస్తావు?”

“వెనక కడ్డీ బయటి బెజ్జానికి బిగించి ఇచ్చానండి. పదకొండు రోజులు చేశాను. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, ముందు కడ్డీ, వెనక కడ్డీ. ప్రతిదీ బావగారికి చూపించే చేశాను.”

హెడ్ కానిస్టేబులుకి సందేహం వచ్చింది. “ఏం కడ్డీ బాబూ అది? రిపోర్టులో ‘స్వే బార్’ అని రాశారు. నాకు తెలిసిన బారు బస్టాండు పక్కనుంది, అంతే.”



“మలుపులో కారు ఒక పక్కకి ఒరిగిపోకుండా అటు చక్రాన్నీ ఇటు చక్రాన్నీ కలిపి పట్టే కడ్డీ అండి,” వానకి కళ్లు చికిలించి చెప్పాడు అచ్చిబాబు. “చివర మూడు బెజ్జాలుంటాయి. బయటి దానికి బిగిస్తే మెత్తగా ఉంటుంది. లోపలికి జరిపేకొద్దీ గట్టిపడుతుంది. పొడి రేసు ట్రాకు మీద అయితే కారు చురుగ్గా తిరుగుతుంది. తడి రోడ్డు మీద వెనక చక్రాలు పట్టు వదిలేస్తాయి. మన కాలవగట్ల మీద లోపలి బెజ్జం వద్దే వద్దని బావగారికి మూడుసార్లు చెప్పాను.”

“లోపలి దానికే ఉంది కదా మరి!” పాపారాజు ఫైలు మీద వేలితో కొట్టాడు. “బ్రేక్ ఇన్‌స్పెక్టరు రాశాడు. ఫొటోలు కూడా తీశాడు.”

“అదే నాకు అర్థం కావట్లేదండి.”

“అర్థం కాకపోవడమేంటి? పెట్టింది నువ్వు!”

తలుపు చప్పుడైంది. రామకృష్ణ బయటికి వచ్చాడు. ఐదు రోజులుగా గడ్డం గీసుకోలేదు. మాట మెత్తగా ఉంది.

“నాన్నగారూ, వాణ్ణి తిట్టకండి. కావాలని చేస్తాడా ఏంటి? ఏదో పొరపాటు జరిగింది.” గేటు వైపు తిరిగాడు. “అచ్చీ, భయపడకు. మంచి లాయరుని నేనే పెడతాను. బెయిలు కూడా నేనే చూసుకుంటాను.”

కీర్తిప్రియ కళ్లు చెమర్చాయి. తన తమ్ముడి తరఫున ఈ ఇంట్లో మాట్లాడే మనిషి ఒక్కడైనా ఉన్నాడు.

“బావగారూ,” అన్నాడు అచ్చిబాబు, “షెడ్డులో నా పక్కన కింద పడుకుని మీరే కదా టార్చి పట్టుకున్నారు. బయటి బెజ్జమే కదండీ? ఒక్క మాట చెప్పండి, చాలు.”

రామకృష్ణ వాన వైపు తల తిప్పాడు.

“టార్చి పట్టుకున్నాను గానీ, ఏది లోపలో ఏది బయటో నాకేం తెలుస్తుంది అచ్చీ?”

కీర్తిప్రియ తలెత్తి భర్తని చూసింది.

ఆరు నెలలుగా ఆ మనిషి భోజనాల దగ్గర ఆ కారు గురించి తప్ప వేరే కబురు చెప్పలేదు. పప్పన్నంలో వేలితో గీత గీసి, మూడు చుక్కలు పెట్టి, ఇది మెత్తన, ఇది మధ్యరకం, ఇది గట్టి అని ఆమెకి పాఠం చెప్పాడు. ఆమెకే వచ్చేసింది. ఆయనకి తెలియదా?

“ఫైలు ఇలా ఇవ్వండి,” అంది హెడ్ కానిస్టేబులుతో. “చదివి పెడతాను.”

“చదవడానికేముంది? నేను చదివాను కదా!” అన్నాడు పాపారాజు.

“సంతకం నాది కదండీ మావయ్యగారూ.”

ఆమె కాగితాలు తిప్పింది. ఇంగ్లీషు రిపోర్టు రెండు పేజీలు. తర్వాత ఫొటోలు. ఒకటి, రెండు, మూడు. నాలుగో ఫొటో దగ్గర ఆమె చేయి ఆగిపోయింది.

బురద పట్టిన కడ్డీ చివర, లోపలి బెజ్జంలో బోల్టు, దాని మీద నట్టు. ఆ నట్టు కింద మూడు చుట్లు చుట్టి ముడేసిన ఆకుపచ్చ నైలాను దారం.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు దాన్ని పట్టించుకోలేదు. ఏదో చెత్త చుట్టుకుందనుకుని ఉంటాడు. అచ్చిబాబుకి ఈ ఫొటో ఎవరూ చూపించలేదు. చూపించినా అతనికి తెలిసేది కాదు.

రొయ్యల చెరువుల ఇంటి కోడలికి తెలుసు. చెరువు మధ్యలో తెప్ప మీద నిలబడి, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటరు బిగించేవాళ్లు ప్రతి నట్టు కిందా అలా దారం చుట్టి ముడేస్తారు. నట్టు వదులైనా దారం ఆపుతుంది. నీళ్లలో పడితే బురదలో మళ్లీ దొరకదు. ఈ ఇంటి చెరువుల్లో మూడు చుట్లు చుట్టి ముడి లోపలికి దోపే మనిషి ఒక్కడే ఉన్నాడు.

ఫైలు మూసి హెడ్ కానిస్టేబులు చేతికిచ్చింది.

“అత్తయ్యగారికి మాత్ర వేసే టైమైంది. ఇప్పుడే వస్తాను,” అంది.

* * *

పెరటి రేకుల షెడ్డులో చెరువుల పనివాడు రాముడు ఏరేటరు గేరు బాక్సు ముందేసుకుని కూర్చున్నాడు. యాభై దాటినవాడు. నోట్లో ఆకుపచ్చ దారం ముక్క పట్టుకుని నట్టు బిగిస్తున్నాడు. ఆమెను చూసి దారం తీసి లేచి నిలబడ్డాడు.

“అమ్మగారికి ఎలాగుందండి?”

“బానే ఉంది రాముడూ. ఒకటి అడుగుతాను. ఎర్ర కారు వెనక నట్లు నువ్వేమైనా తిప్పావా?”

“ఆయ్, తిప్పానండి,” అన్నాడు రాముడు వెంటనే. “ఆదివారం పొద్దున్నేనండి. చినబాబుగారు రెండు జాకీలు తెప్పించారు. కడ్డీకి ఇటో బోల్టు అటో బోల్టు తీసి లోపలి బెజ్జంలో పెట్టమన్నారు. పెట్టానండి. గట్టిగానే బిగించానండి, ఊడలేదు కదండి?”

“ఊడలేదు.”

“హమ్మయ్య. దారం కూడా కట్టానండి. ‘కారుకి దారమేంటి రాముడూ, ఇదేమన్నా చెరువా’ అని చినబాబుగారు నవ్వారండి. అలవాటు కదండి, కట్టకపోతే నాకు నిద్ర పట్టదు.” ఆమె ముఖం చూసి ఆగాడు. “ఏమన్నా తప్పయిందా అండి?”

“నీ తప్పు లేదు.”

“మరి ఎవరితోనూ అనొద్దన్నారండి చినబాబుగారు. అచ్చిబాబుగారికి కోపమొస్తుందని. మీరు అడిగారు కాబట్టి చెప్పాను. మీరూ అనకండమ్మా.”

ఆదివారం పొద్దున కీర్తిప్రియ భర్తకి కాఫీ ఇచ్చింది. చేతికి గ్రీజు ఏంటండీ అని అడిగింది కూడా. గేటు కీలుకి రాశాను అన్నాడు.

* * *

సుభద్రమ్మ గదిలో రామకృష్ణ తల్లి మంచం చివర కూర్చుని ఉన్నాడు. భార్యని చూడగానే లేచాడు.

“పెట్టేశావా?”

కీర్తిప్రియ తలుపు దగ్గరగా వేసింది.

“రాముడితో మాట్లాడాను,” అంది.

అతను మళ్లీ కూర్చున్నాడు. ఆ కూర్చోవడంలోనే ఆమెకి జవాబు దొరికింది. అయినా అడిగింది.

“ఎందుకండీ?”

“ఒక్క ట్రయలు ప్రియా. వచ్చే వారం కోయంబత్తూరు ట్రాకులో రేసు ఉందని తెలుసు కదా. లోపలి బెజ్జంలో ఎలా తిరుగుతుందో ఒకసారి చూసి మళ్లీ మార్పించేద్దామనుకున్నాను. అమ్మని గృహప్రవేశానికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆ చినుకులు పడతాయని నాకేం తెలుసు?”

“అది కాదు నేను అడుగుతున్నది. ఐదు రోజులుగా ఎందుకు చెప్పలేదు?”

“నాన్నగారికి ఎలా చెప్పను?”

“నాకు?”

అతను తల్లి దుప్పటి అంచు సరిచేశాడు.

“వాడు వానలో నిలబడి ‘ఒక్క మాట చెప్పండి, చాలు’ అన్నాడు. ‘నాకేం తెలుస్తుంది’ అన్నారు మీరు. లాయరుని పెడతానన్నారు. నేను కళ్లనీళ్లు పెట్టుకున్నాను, తెలుసా? మీ మంచితనానికి!”

“మెల్లిగా,” అన్నాడు రామకృష్ణ. “బయట పోలీసున్నాడు.”

మంచం మీది నుంచి సుభద్రమ్మ అంది, “అమ్మడూ, ఇలా రా. నా పక్కన కూర్చో.”

కీర్తిప్రియ కదల్లేదు. ఆమెకో అనుమానం వచ్చింది.

“అత్తయ్యగారూ, మీకు తెలుసా?”

సుభద్రమ్మ కట్టు కట్టిన భుజం వైపు చూసుకుంది.

“గట్టు మీద స్పీడు తగ్గించి వెళ్లరా అన్నాను,” అంది చివరికి. “చూడమ్మా ఇప్పుడెలా తిరుగుతుందో, కొత్తగా మార్పించాను అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే...”

“ఐదు రోజులుగా మీకు అన్నం కలిపి పెడుతున్నాను. జడ వేస్తున్నాను. రోజూ మా తమ్ముణ్ణి తలుచుకుని ఏడుస్తుంటే తల నిమిరారు.”

“కన్నకొడుకు కదే!”

“వాడూ మా అమ్మకి కొడుకే కదండీ.”

“మీ వాడికి పెళ్లీ పెటాకులూ లేవు. కుర్రాడు. ఏడాదికో రెండేళ్లకో బయటపడతాడు. మళ్లీ షెడ్డు పెట్టుకుంటాడు. వీడు లోపలికి పోతే మీ మావయ్యగారు బతుకుతారా?”

“షెడ్డు పెట్టుకుంటే కారు ఎవరిస్తారండీ వాడికి? కాలు తీయించినవాడి చేతికి ఎవరిస్తారు?”

రామకృష్ణ గబగబా లేచి దగ్గరికొచ్చాడు. ముఖంలో వెలుగు. దారి దొరికినవాడి వెలుగు.

“సరే. అచ్చీ మీదికి రానివ్వను. ఒట్టు. రాముడు ఉన్నాడు కదా.”

“రాముడేంటి?”

“వాడంతట వాడే చేశాడని చెబుదాం. నూనె మారుస్తూ నట్లు ఊడదీసి తెలియక తప్పు బెజ్జంలో పెట్టాడని. చదువు రానివాడు, కోర్టు కూడా జాలి పడుతుంది. వాడికి నేను చెబితే ఒప్పుకుంటాడు. వాడి పెళ్లాం బేబీనీ పిల్లలనీ మనమే చూసుకుందాం. నీ తమ్ముడు బయటపడతాడు, నేనూ బయటపడతాను. ఇంకేం కావాలి ప్రియా?”



తమ్ముణ్ణి బలిచ్చినప్పుడు భయపడి చేశాడేమో అనుకోవడానికి కాస్త చోటు మిగిలింది. ఇప్పుడు ఆ చోటు కూడా లేదు. వానలో ఉన్న తమ్ముడు ఇంటికి వెళ్లిపోవచ్చు. అందుకు ఆమె నోరు మూసుకుంటే చాలు.

“ఇంతసేపూ దీని గురించేనా ఆలోచించారు?” అంది.

“మన కోసమే కదా!”

“పోస్ట్‌మాస్టరుగారి గురించి ఒక్క మాట అన్నారా, ఈ ఐదు రోజుల్లో?”

అతను తల పక్కకి తిప్పుకున్నాడు. తర్వాత కిటికీలోంచి పెరటి వైపు పిలిచాడు.

“రాముడూ! ముందు వరండాలోకి రా. నీతో పనుంది.”

* * *

ఆమె వరండాలోకి వచ్చేసరికి మాటలు అయిపోయాయి. ఎంత తొందరగా అయిపోయాయో!

రాముడు మెట్ల మీద తల వంచుకుని ఉన్నాడు. రామకృష్ణ అతని భుజం మీద చేయి వేసి ఉన్నాడు. పాపారాజు ముఖం ఎర్రగా కందిపోయింది.

“విన్నావా అమ్మాయ్? వీడట! మీ తమ్ముడు కాదట, వీడట! ఎవరూ లేనప్పుడు కారు కింద దూరి నట్లు తిప్పాడట!”

“ఆయ్, నేనేనండి,” అన్నాడు రాముడు. ఆ రెండు మాటలూ ఇప్పుడే నేర్చుకున్నవాడిలా అన్నాడు.

“ఉప్పు తిన్న ఇంటికి ఇదేంట్రా? ఇరవై ఏళ్లు నమ్మాను కదరా నిన్ను!” పాపారాజు చెయ్యెత్తాడు.

“మావయ్యగారూ!”

కీర్తిప్రియ మధ్యలోకి వచ్చి నిలబడింది. ఎత్తిన చేయి గాల్లో ఆగింది. ఆ ఇంట్లో ఆయన ఎత్తిన చేతికి ఎవరూ అడ్డు రారు.

“తప్పుకో.”

“బిగించింది రాముడే. బిగించమన్నది రాముడు కాదు.”

గేటు దగ్గర అచ్చిబాబు ఊచలు వదిలేసి నిటారుగా నిలబడ్డాడు. లోపలి గదిలోంచి సుభద్రమ్మ గొంతు వినబడింది, “అమ్మడూ, అమ్మడూ!” అని.

“ప్రియా, లోపలికి పద,” అన్నాడు రామకృష్ణ. “నీకు ఒంట్లో బాగోలేదు. నాన్నగారూ, ఐదు రోజులుగా నిద్ర లేదు దీనికి.”

“రాముడూ,” ఆమె వెనక్కి తిరగకుండా అడిగింది. “మూడు బెజ్జాలున్నాయి. లోపలి దాంట్లో పెడితే ఏమవుతుంది?”

రాముడు బిత్తరపోయాడు. “ఏమవుతుందండి? నాకేం తెలుసండి? పెట్టమన్న దాంట్లో పెట్టాను.”

పెట్టమన్న. ఆ మాట జారాక రాముడు నాలుక కరుచుకున్నాడు. పాపారాజు ఎత్తిన చేయి నెమ్మదిగా కిందికి దిగింది.

“ఎవడు పెట్టమన్నాడు?” అన్నాడు. కేక వేయలేదు. అడిగాడు, అంతే.

రాముడు నేల చూశాడు. చచ్చినా చెప్పడు. అది అందరికీ తెలుసు. రామకృష్ణకి అందరికంటే బాగా తెలుసు.

“నువ్వు చెప్పమ్మాయ్,” అన్నాడు పాపారాజు. “ఈ గుమ్మంలో నిలబడి అడుగుతున్నాను. ఎవడైనా సరే, వదలను. పేరు చెప్పు.”

హెడ్ కానిస్టేబులు పాత కాగితం మడిచి ఫైలు అడుగున పెట్టాడు. తెల్ల కాగితం తీశాడు. పెన్ను మూత నోటితో ఊడబీకాడు.

“చెప్పండమ్మా. మీరు చెప్పిందే రాసుకుంటాను.”

రామకృష్ణ ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. కొంచెమే. ఆమెకి మాత్రమే కనబడేలా. అన్నం పళ్లెంలో మూడు చుక్కలు పెట్టిన మనిషి. ఆ కళ్లలో ఇప్పుడు బతిమాలడం కూడా లేదు, ఆజ్ఞ ఉంది.

పెళ్లయి ఎనిమిదేళ్లు. అత్తమామల ఎదుట ఆమె ‘ఆయన’ అని తప్ప ఇంకోలా పిలవలేదు.

“రామకృష్ణంరాజు,” అంది కీర్తిప్రియ, గేటు దాకా వినబడేలా. “తండ్రి పేరు పాపారాజు.”